పేరు రావాలి, పేరు పోవద్దు

హనుమకొండ, వరంగల్ ఫంక్షన్ హాళ్లలో జరిగే శారీ ఫంక్షన్లు ఈ పదేళ్లలో చాలా మారాయి. పిల్లకు పదకొండు, పన్నెండేళ్లుంటాయి. ఫంక్షన్‌కు వారం ముందే ఏదో తోటలోనో, చెరువు కట్ట మీదో వీడియో షూట్ అయిపోతుంది. "చెల్లె, కొంచెం స్లోగా తిరుగు... ఇప్పుడు ఇటు చూడు... నవ్వు" అని కెమెరామన్ చెబుతుంటాడు. లంగా అంచు పట్టుకుని పిల్ల పదిసార్లు తిరుగుతుంది. పదకొండోసారి బాగా వచ్చిందంటాడు. ఫంక్షన్ రోజు ఆ రెండు నిమిషాల వీడియో ఎల్‌ఈడీ తెర మీద హీరోయిన్ ఇంట్రడక్షన్ పాటలాగా వస్తుంది. తర్వాత హాల్లో లైట్లు ఆరిపోతాయి, పొగ వదులుతారు, ద్వారం దగ్గర పూల గొడుగు కింద పిల్ల కనిపిస్తుంది. మూడు నాలుగు వందల మంది ఒక్కసారిగా ఫోన్లు పైకెత్తుతారు.

ఆ పిల్ల వైపు అంతమంది ఒకేసారి చూడటం అదే మొదటిసారి. బడిలో ఎవరూ చేయలేని లెక్క చేసినప్పుడు చూడలేదు, ఖోఖోలో గెలిచినప్పుడు చూడలేదు. తయారై కనిపించినందుకు చూశారు. రెండు రోజులు పోయాక అదే పిల్ల వాకిట్లో నిలబడి దోస్తుతో నవ్వుతూ మాట్లాడుతుంటే, "లోపలికి రా, ఎవరన్న చూస్తే ఏమనుకుంటరు" అని ఇంట్లోంచి పిలుపు వస్తుంది.

తల్లిదండ్రులు అప్పోసప్పో చేసి ముచ్చటగా జరుపుకునే వేడుక అది. ఆ ముచ్చటను తప్పుపట్టలేం. అయితే కీర్తి గురించి ఉత్తర తెలంగాణ ఆడపిల్లకు టీవీ, సినిమా, ఫోన్, ఫ్లెక్సీ కలిసి రోజూ చెప్పే కథ అంతా ఆ రెండు నిమిషాల వీడియోలో ఉంది. వెలుగు ఉంటుంది, చూసేవాళ్లు ఉంటారు, మధ్యలో పిల్ల ఉంటుంది. ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో మాత్రం ఉండదు. పిల్లల కలలు దెబ్బతినేది ఎక్కువగా ఈ లేని ముక్క దగ్గరే.

తెలుగులో కీర్తికి రోజూ వాడే మాట 'పేరు'. కష్టపడితే పేరు వస్తుంది, మంచి చేస్తే పేరు నిలుస్తుంది. ఆ మాటే ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి పోయే వస్తువు అవుతుంది. ఇంటి పేరు తీయకు, పేరు ఖరాబు చేసుకోకు, నలుగురి నోట్లో పడకు. కొడుకు గురించి నలుగురూ మాట్లాడుకుంటే తండ్రికి గర్వం. బిడ్డ గురించి మాట్లాడుకుంటున్నారంటే ముందు టెన్షన్, ఏ సంగతో కనుక్కోవడం తర్వాత. ఫోన్ ఏమో 'నలుగురి కళ్లలో పడు, లేకపోతే నువ్వు లేనట్టే' అంటుంది. ఇల్లేమో 'నలుగురి కళ్లలో పడ్డావా, మా పని అయిపోయినట్టే' అంటుంది. పదమూడేళ్ల పిల్ల ఈ రెండు మాటలనూ ఒకే రోజు, ఒకే గదిలో వింటుంది.

ఈ రెండింటి మధ్య పిల్లలు వెతుక్కున్న ఉపాయం చాలామంది బాలికల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల్లో కనిపిస్తుంది. డీపీలో సొంత ముఖం ఉండదు. హీరోయిన్ ఫొటోనో, గులాబీనో, బతుకమ్మనో ఉంటుంది. అద్దం ముందు దిగిన ఫొటోలో ఫోన్ సరిగ్గా ముఖానికి అడ్డం వస్తుంది. డ్యాన్స్ వీడియోలో వీపే కనిపిస్తుంది, లేదంటే కళ్ల మీద ఒక ఎమోజీ అంటించి ఉంటుంది. ఖాతా పేరు కూడా సొంతది కాదు. పేరు కావాలి, పేరు బయటపడొద్దు. ఇది పిల్లల చిలిపితనం అనుకుంటే పొరపాటు. తమ చుట్టూ ఉన్న పరిస్థితిని పెద్దలకన్నా బాగా అర్థం చేసుకుని, దానికి తగ్గట్టు ఒదిగిన పద్ధతి ఇది.

ఫోన్ కూడా చాలా ఇళ్లలో పిల్లది కాదు. బాపు పని నుంచి వచ్చాక, అన్న చార్జింగ్ పెట్టి బయటికి వెళ్లాక దొరికే అరగంట. 2016 సెప్టెంబర్‌లో జియో రావడంతో డేటా చవకైంది, పల్లెల్లో ఇంటికొక స్మార్ట్‌ఫోన్ రావడం మొదలైంది. అప్పట్లో టిక్‌టాక్ మీద ఊళ్ల పిల్లలు విరివిగా కనిపించారు. 2020 జూన్ 29న దాన్ని నిషేధించారు. వారం పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, ఆ సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ ఆ జాగాలోకి వచ్చాయి. యాప్ మారింది కానీ అలవాటు ఆగలేదు.

ఈ వీడియోల్లో ఏది ఎక్కువ మందికి చేరుతుందన్నది వాటి పనితీరును బట్టి ఉంటుంది. వేలు పైకి జరిపేలోపు, అంటే మొదటి రెండు మూడు సెకన్లలో, చూసేవాళ్లను ఆపగలగాలి. ముఖం ఆపుతుంది, అడుగు ఆపుతుంది, తెలిసిన పాట ముక్క ఆపుతుంది. నాలుగు నెలలు పొద్దున్నే లేచి పరుగు ప్రాక్టీస్ చేయడం ఆపదు. కాబట్టి ఒక పిల్లకు పాడటం, ఆడటం, పరిగెత్తడం, అందంగా తయారవడం అన్నీ ఇష్టమైతే, వాటిలో తయారవడానికి మాత్రమే సాయంత్రంలోగా లైకులు వస్తాయి. మిగతావి వెనక్కి పోతాయి. వాటిని మానెయ్యమని ఎవరూ చెప్పలేదు, బాగుందని చెప్పినవాళ్లూ లేరు. కల మారడం ఇంత నెమ్మదిగా, ఇంత మామూలుగా జరుగుతుంది.

రూపం విషయంలో ఈ ఒత్తిడి ఎంతదో కంపెనీకే తెలుసు. తమ యాప్ వల్ల ప్రతి ముగ్గురు టీనేజీ అమ్మాయిల్లో ఒకరికి సొంత శరీరం గురించిన బాధ ఎక్కువవుతోందని ఇన్‌స్టాగ్రామ్ సొంత పరిశోధకులు రాసుకున్న పత్రాలు 2021 సెప్టెంబర్‌లో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ ద్వారా బయటికొచ్చాయి. మన దగ్గర ఆ బాధకు పునాది అంతకు చాలా ముందే పడింది. తెల్లబరిచే క్రీమును మన దేశంలో 1975 నుంచి 'ఫెయిర్ అండ్ లవ్లీ' అన్న పేరుతోనే అమ్మారు. నలుపు అమ్మాయికి ఉద్యోగం రాదు, క్రీము రాసుకున్నాక వస్తుంది, టీవీలో కనిపిస్తుంది, ఇంట్లో వాళ్లు గర్వపడతారు. ఆ ప్రకటనల కథ అదే. ఫెయిర్ అనే మాట తీసేసి గ్లో అని పెట్టింది 2020లో. ఎండలో పత్తి ఏరే తల్లుల బిడ్డలు, పొద్దంతా మిరప తోటల్లో వంగి పనిచేసే కుటుంబాల పిల్లలు ఏళ్ల తరబడి ఆ ప్రకటన చూశారు.

తెలుగు సినిమా దీనికి తన వంతు కలిపింది. హీరోయిన్లలో ఎక్కువమంది వేరే రాష్ట్రాల వాళ్లు, చాలాసార్లు గొంతు ఇంకొకరిది. ఊళ్లో పిల్ల తెర మీద చూసే ఆ 'అమ్మాయి' నిజానికి ఒక మనిషి ముఖం, ఇంకో మనిషి మాట కలిపి తయారుచేసిన బొమ్మ. అలాంటి మనిషి ఎక్కడా లేదు. అయినా అద్దంలో చూసుకుంటూ పిల్ల పోల్చుకునేది ఆ బొమ్మతోనే.

ఇక్కడ బతుకమ్మ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే పాట, ఆట, తయారవడం ఉత్తర తెలంగాణ ఆడపిల్లకు కొత్తగా ఫోన్ నేర్పినవి కావు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు ఊరంతా ఆడేవాళ్లే. పద్మాక్షి గుట్ట దగ్గర, వేయిస్తంభాల గుడి దగ్గర సద్దుల రోజు సాయంత్రం ఆ జనాన్ని చూసిన వాళ్లకు తెలుసు. పాత పద్ధతిలో ఆట ఎలా ఉంటుందో గమనిస్తే కీర్తి గురించి అది చెప్పే మాట వినిపిస్తుంది. బతుకమ్మ మధ్యలో ఉంటుంది. ఆడవాళ్లంతా గుండ్రంగా, లోపలి వైపు, పూల వైపు ముఖం పెట్టి తిరుగుతారు. ఒకావిడ పాట అందుకుంటుంది, మిగతావాళ్లు ఉయ్యాలో అంటారు. ఇంకో చుట్టులో ఇంకొకరు అందుకుంటారు. పాట కట్టిందెవరో ఎవరికీ తెలియదు. బాగా పాడే ఆమెకు వాడలో పేరుంటుంది, ఫలానా వాళ్ల కోడలు పాటందుకుంటే రాత్రి పన్నెండైనా జనం కదలరు అంటారు. ఆ పేరు పాటతో వచ్చింది. రంగుతో, వయసుతో దానికి పని లేదు. డెబ్బై ఏళ్ల అవ్వ కూడా ఆ చుట్టులో ముందుంటుంది.

ఇప్పుడు చాలా చోట్ల డీజే పెట్టెలు వచ్చాయి. పాట పెట్టెలోంచి వస్తుంది, ఎవరూ అందుకోనక్కర్లేదు. ఒకే రంగు చీరల్లో నాలుగు వరసలు కట్టి, నెల రోజులు రిహార్సల్ చేసిన స్టెప్పులు వేస్తారు. అందరి ముఖాలూ బయటికి, స్టాండు మీద పెట్టిన ఫోన్ వైపు ఉంటాయి. పూలు వెనక ఉంటాయి. ఏటా దసరాకు ముందు వచ్చే కొత్త బతుకమ్మ వీడియో పాటల్లో కూడా ఒక్కరే నాయిక, మిగతా ఆడవాళ్లు వెనక ఆడే గుంపు. ఆట చచ్చిపోలేదు, నిజానికి ఇంకా ఎక్కువమంది ఆడుతున్నారు, సంతోషమే. కానీ చుట్టు విప్పి వరస చేసినప్పుడు అవ్వ పక్కకు జరిగింది. పదేళ్ల పిల్లకు పాట నేర్పే మనిషి ఆమే.

ఈ మార్పు మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. అమెరికాలో యాల్డా ఉల్స్, ప్యాట్రీషియా గ్రీన్‌ఫీల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలు ఎక్కువగా చూసే టీవీ కార్యక్రమాలను 1967 నుంచి 2007 దాకా పదేళ్లకొకసారి తీసుకుని, అవి ఏ విలువలను గొప్పగా చూపిస్తున్నాయో లెక్కగట్టారు. వాళ్ల పరిశోధన 2011లో అచ్చయింది. 1997లో కీర్తి పదహారు విలువల్లో పదిహేనో స్థానంలో ఉంది. 2007కు మొదటి స్థానానికి వచ్చింది. అంతకు ముందు దశాబ్దాల్లో మొదటి రెండు స్థానాల్లో ఉంటూ వచ్చిన 'నలుగురిలో కలిసి ఉండటం' అన్న విలువ పదకొండో స్థానానికి పడిపోయింది. అది అక్కడి టీవీ, అక్కడి పిల్లలు. ఆ అంకెలను తెచ్చి మన పిల్లలకు అంటగట్టలేం. అయినా లోపలికి తిరిగిన చుట్టు బయటికి తిరిగిన వరస అయిన తీరు కళ్ల ముందున్నప్పుడు, ఆ రెండు స్థానాలు తారుమారవడం ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఆడపిల్లకు కీర్తి అంటే అందమే అని మన దగ్గర మీడియా చెప్పడం లేదు కదా, చదువును కూడా మెచ్చుకుంటోంది కదా అని అడగొచ్చు. నిజమే. ఏటా ఇంటర్, పది ఫలితాల మర్నాడు పత్రికల్లో ఒక శీర్షిక తప్పకుండా ఉంటుంది. 'బాలికలదే పైచేయి'. హనుమకొండ చౌరస్తా, నయీంనగర్ దారుల్లో కాలేజీల హోర్డింగుల మీద వరసగా పాస్‌పోర్టు సైజు ముఖాలు, కింద 470కి ఇన్ని, 440కి ఇన్ని, వెయ్యికి ఇన్ని అని మార్కులు. ఊళ్లలోంచి వచ్చిన పిల్లలు బస్సు కిటికీలోంచి చూసేది వీటినే. తెలంగాణలో ఆడపిల్లకు అందరూ ఒప్పుకునే కీర్తి ఏదైనా ఉందంటే ఇదే. రీల్ చేస్తే కోప్పడే తండ్రి కూడా హోర్డింగ్ మీద బిడ్డ ముఖం చూసి నలుగురికీ చూపిస్తాడు. ఆ గర్వం విలువైనది, దాన్ని చిన్నబుచ్చకూడదు.

అయితే ఈ హోర్డింగ్ కూడా ఆ శారీ ఫంక్షన్ వీడియోలాగే పనిచేస్తుంది. ముఖం, అంకె, అంతే. వచ్చే మే నెలకు ఆ ముఖం తీసేసి ఇంకో ముఖం అంటిస్తారు. పైచేయి సాధించిన బాలికలు ఆ తర్వాత ఏమయ్యారని ఏ పత్రికా మళ్లీ రాయదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండక ముందే పెళ్లయింది. అంటే సుమారు నలుగురిలో ఒకరు. పైచేయి శీర్షిక, ఈ అంకె ఒకే రాష్ట్రానివి, ఒకే తరానివి. ఒక దానికి ఏటా మొదటి పేజీ, రెండోదానికి సర్వే వచ్చిన నాడు లోపలి పేజీ. మొదటి పేజీ మాత్రమే చూసి పెరిగిన పిల్లకు, తన చదువు ఆగిపోయినప్పుడు అది తన ఒక్కదాని అదృష్టం బాగోలేక జరిగినట్టు అనిపిస్తుంది.

క్రీడల వార్తల్లో ఈ తప్పిపోయిన ముక్క ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. మర్నాడు ఆమె ముఖం లేని పేజీ లేదు. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ గెలిచింది. ఎంతోమంది ఆడపిల్లలకు ఆ ఫొటోలు కల ఇచ్చాయి. కానీ నిఖత్ మొదటి ప్రపంచ టైటిల్ 2022లో రాలేదు. 2011లో టర్కీలోనే అంటాల్యాలో జూనియర్ స్థాయిలో గెలిచింది. మధ్యలో పదకొండేళ్లు. భుజం గాయం, ఆపరేషన్, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం, సెలెక్షన్ కోసం పోరాటం, బిడ్డకు ఆ పొట్టి బట్టలేంటని సూటిపోటి మాటలు, ఏం ఫరవాలేదని నిలబడ్డ తండ్రి. ఆమె గెలిచాక ఈ పదకొండేళ్లను ఇంటర్వ్యూల్లో ఒక పేరాగా కుదించి చెప్పారు. పిల్లకు కావాల్సింది ఆ పేరానే, అదీ పేరాగా కాదు, పూర్తిగా. మొదటి గాయం దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎందుకు ఆగిపోతారో, ఆగనివాళ్లు ఎవరి సాయంతో ముందుకు పోతారో ఆ పదకొండేళ్లలోనే ఉంది.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి కథ అంతకన్నా దగ్గరిది. మేధో వైకల్యంతో పుట్టిన పిల్ల. చిన్నప్పుడు ఊళ్లో ఆమె రూపాన్ని చూసి వెక్కిరించారని కుటుంబమే చెప్పింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్లు పోటీపడే 400 మీటర్ల టీ20 విభాగాన్ని 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం తెచ్చింది. అదే సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. అప్పుడు వచ్చిన శీర్షికల్లో ఎక్కువసార్లు కనిపించిన మాట 'మట్టిలో మాణిక్యం'.

ప్రేమతోనే రాస్తారు ఆ మాట. కానీ అది చెప్పేదేమిటో చూడాలి. మాణిక్యం అప్పటికే తయారై మట్టిలో పడి ఉంటుంది, ఎవరో తొవ్వితే బయటపడుతుంది. దొరకడం అదృష్టం. దీప్తి అలా దొరకలేదు. బడిలో ఆమె పరుగు చూసి గుర్తుపట్టిన వ్యాయామ ఉపాధ్యాయుడున్నాడు. హైదరాబాద్‌కు తీసుకెళ్లి ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చిన కోచ్ నాగపురి రమేశ్ ఉన్నారు. పిల్లను అంత దూరం పంపడానికి బస్సు కిరాయికీ వెతుక్కోవాల్సిన తల్లిదండ్రులు ఉన్నారు. ఉండటానికి హాస్టల్, తినడానికి సరైన తిండి, ఏ విభాగంలో పోటీ పడాలో తేల్చే వైద్య పరీక్షలు, ఇవన్నీ ఉన్నాయి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా కోబె లేదు. మాణిక్యం అన్న మాట వీటన్నిటినీ ఒక్క దెబ్బతో చెరిపేస్తుంది. చదివే పిల్లకు మిగిలేది ఒకే ప్రశ్న: నేను మాణిక్యమా, మట్టా? ఆ ప్రశ్నకు పన్నెండేళ్ల వయసులో చాలామంది తమకు తాము ఇచ్చుకునే జవాబు ఏమిటో ఊహించడం కష్టం కాదు.

మాలావత్ పూర్ణ విషయంలోనూ ఇంతే. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల ప్రపంచంలో అంతకుముందు లేదు. ఆ ఫొటో వెనక ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులం ఉంది, భువనగిరి గుట్ట మీద నేర్చుకున్న రాక్ క్లైంబింగ్ ఉంది, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో నెలల శిక్షణ ఉంది. వార్తలో 'సాహసం' అని వచ్చింది. సాహసమే, అందులో అనుమానం లేదు. దానికన్నా ముందు అది ఒక బడి చేసిన పని. 'మా బిడ్డను కూడా ఆ బడిలో వేద్దాం' అని ఒక తల్లి అనుకోవాలంటే వార్తలో ఆ బడి కనిపించాలి.

మీడియా చేసిన మేలును దాచడం కూడా న్యాయం కాదు. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ప్రచురించిన పరిశోధన మన దేశంలో కేబుల్ టీవీ కొత్తగా చేరిన ఊళ్లను చూసింది. తెలుగు ఊళ్లు అందులో లేవు. బిహార్, హర్యానా, తమిళనాడు లాంటి చోట్లవి. కేబుల్ వచ్చాక మగపిల్లాడే కావాలనే కోరిక తగ్గింది, భార్యను కొట్టడం మామూలేనన్న అభిప్రాయం తగ్గింది, ఇంటి నిర్ణయాల్లో ఆడవాళ్ల మాట పెరిగింది. పట్నం ఆడవాళ్లు ఉద్యోగాలు చేయడం, తమ ఇష్టం చెప్పడం సీరియళ్లలో చూసినా కొంత మార్పు వచ్చింది. తెర చూపించేది పనికిమాలినదైనా, ఇంకో బతుకు ఉందని చూపించడమే ఒక్కోసారి చాలు.

మన దగ్గర ఆ పని చేసింది గంగవ్వ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పొలం పని, బీడీల పని చేసుకున్న మనిషి, యాభై దాటిన వయసులో మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానెల్ వీడియోల్లోకి వచ్చింది. 2020లో బిగ్‌బాస్‌కు వెళ్లింది. అంతకు ముందు దశాబ్దాల పాటు సినిమాల్లో తెలంగాణ మాట ఎక్కువగా రౌడీకో, నవ్వించే పాత్రకో దక్కింది. కరీంనగర్ పల్లె మాట ఉన్నదున్నట్టు మాట్లాడే, ముసలి, నలుపు, చదువు లేని ఆడమనిషిని లక్షల మంది ఇష్టంగా చూడటం చిన్న సంగతి కాదు. మా అవ్వ మాటకు కూడా విలువ ఉందని ఊరి పిల్లలకు తెలిసింది. ఆమెకు వచ్చిన పేరు తయారవడం వల్ల రాలేదు, ఉన్నట్టు ఉండటం వల్ల వచ్చింది. ఈ ప్రాంతపు పిల్లలకు కీర్తి గురించి అందిన మాటల్లో ఇంత ఆరోగ్యకరమైనది మరొకటి వెంటనే గుర్తుకు రాదు.

ఆమె వెనకే జానపద పాటల యూట్యూబ్ ఛానెళ్లు వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల చుట్టూ పుట్టగొడుగుల్లా వచ్చాయి. వాటిలో ఆడాలని, పాడాలని కలగనే అమ్మాయిలు చాలామంది. ఆ కల మంచిదే, నిజంగా చేరుకోగలిగిన కల కూడా. కానీ దాని లెక్కలు పిల్లలకు ఎవరూ చెప్పరు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో పూర్తి వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూసి ఉండాలి, లేదా తొంభై రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. డబ్బు అందే ఖాతా పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల పేరుతోనే ఉండాలి. అంటే పాట పిల్లది, ఖాతా అన్నదో నాయినదో. పాట కోటి వ్యూస్ దాటినా, దాని హక్కులు ఛానెల్ వాళ్ల దగ్గరుంటే, ఆడిన పిల్లకు ఆ రోజు చేతికిచ్చిందే లెక్క. వ్యూస్ అంకె అందరికీ కనిపిస్తుంది, ఆ డబ్బు ఎవరి జేబులోకి పోయిందో కనిపించదు.

సినిమా, టీవీలో నటించే పిల్లలకు కనీసం చట్టం ఉంది. 2017 నాటి బాల కార్మిక నిబంధనల ప్రకారం పిల్లలతో రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి, వచ్చిన సంపాదనలో కనీసం 20 శాతం పిల్ల పేరు మీద బ్యాంకులో డిపాజిట్ చేయాలి. ఈ నిబంధనలు షూటింగులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇంటి మేడ మీద అమ్మ చేతి ఫోన్‌తో రోజూ తీసే వీడియోను ఎవరు వచ్చి చూడాలి? అక్కడ నిర్మాతా తల్లే, కాపాడాల్సిందీ తల్లే.

పిల్లల కలలను మార్చడంలో తెర కన్నా గట్టిగా పనిచేసేది ఒకటుంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో లోరీ బీమన్, ఎస్తేర్ డఫ్లో తదితరులు 495 ఊళ్లలో చేసిన పరిశోధన 2012లో వచ్చింది. రిజర్వేషన్ వల్ల రెండు దఫాలు ఆడమనిషి పంచాయతీ పెద్దగా ఉన్న ఊళ్లలో, ఆడపిల్లల ఆశలకూ మగపిల్లల ఆశలకూ మధ్య ఉండే తేడా పిల్లల్లోనే 32 శాతం తగ్గింది. తల్లిదండ్రులు బిడ్డల మీద పెట్టుకునే ఆశల్లో కూడా 20 శాతం తగ్గింది. ఆ ఊళ్లలో కొత్తగా కాలేజీలు రాలేదు, ఉద్యోగాలు రాలేదు. మా ఊరి మనిషి, మాలాంటి చీర కట్టుకున్న మనిషి, కుర్చీలో కూర్చుని పని చేయడాన్ని పిల్లలు ఏళ్ల పాటు కళ్లారా చూశారు. అంతే.

తెలంగాణ పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. అంటే ఆ అవకాశం మన ఊళ్లలో ఇంకా ఎక్కువ. కానీ చాలా ఊళ్లలో స్వాగత తోరణం మీద సర్పంచ్ ఫొటో చిన్నది, ఆమె భర్త ఫొటో పెద్దది. గ్రామసభ ఫొటోలో మైకు భర్త చేతిలో ఉంటుంది. ఫోన్ చేస్తే ఆయనే ఎత్తుతాడు. ఫ్లెక్సీ కూడా మీడియానే. ఊరి నడిమధ్యన కట్టి పెడతారు కాబట్టి అన్నిటికన్నా ఎక్కువసార్లు పిల్లల కంట పడేది అదే. 2020 లాక్‌డౌన్‌లో ములుగు అడవుల్లో బియ్యం మూటలు మోస్తూ ఎమ్మెల్యే సీతక్క నడిచిన వీడియోలు ఎందుకంతగా మనసుకు పట్టాయో ఆలోచిస్తే, అందులో ఆమె ముఖం కన్నా ఆమె చేస్తున్న పని ఎక్కువ కనిపించింది. ఆ తర్వాత ఆమె ఉస్మానియాలో పీహెచ్‌డీ పూర్తిచేసింది, మంత్రి అయింది. పని కనిపించిన చోట పిల్ల అడిగే ప్రశ్న మారుతుంది. 'నేను అలా కనిపిస్తానా' అనేది పోయి 'అది ఎలా చేయాలి' అనేది వస్తుంది.

ఆ ప్రశ్న వచ్చినప్పుడు జవాబు దగ్గర్లో దొరకాలి. 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ ఆ ట్రాక్ మీదే 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరిగెత్తి, 2002 నుంచి ఎవరూ దాటని జాతీయ రికార్డును దాటింది. మన దేశపు ఏ ఆడమనిషీ ఆ దూరాన్ని అప్పటిదాకా పరిగెత్తనంత వేగంగా ఒకమ్మాయి మన ఊళ్లో పరిగెత్తింది. ఫలితం పత్రికల్లో వచ్చింది. ఆ ట్రాక్ మీద ఊరి పిల్ల అడుగు పెట్టొచ్చా అన్నది రాలేదు.

దీప్తి పతకం గెలిచిన మర్నాడు కూడా 55.82 అన్న అంకె అన్ని పేపర్లలో ఉంది. పర్వతగిరిలోనో, నర్సంపేటలోనో, జమ్మికుంటలోనో ఆ పేపర్ చూసి "నాయినా, నేను కూడా ఉరుకుత" అన్న బిడ్డ ఉంటే, ఆ తండ్రి అడిగేవి వేరే. పొద్దున ఎన్ని గంటలకు మొదలుపెడతరు? ఎవరిని అడగాలె? పైసలెంత? ఏ వయసు దాకా తీసుకుంటరు? నేర్పేటోళ్లలో ఆడామె ఉన్నదా? బట్టలు మార్చుకునే గది ఉన్నదా? మొదటి బస్సుకు పోతే బడి టైముకు మళ్లీ వస్తదా? ఆ వార్త కింద నాలుగు లైన్ల బాక్సులో పట్టే జవాబులు ఇవి.